అలర్జీ టెస్టులో ఏమీ లేదు, మరి ఆయాసం ఎందుకు?

రెండుసార్లు ఆపరేషన్ అయినా ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండలు) మళ్లీ పెరిగాయి, ఐబుప్రొఫెన్ వేసుకున్న గంటకే ఆయాసం వచ్చింది, అలర్జీ టెస్టు మాత్రం నార్మల్ అని రాశారు కదా. ఇది సామ్టర్ వ్యాధిలా ఉంది, అంటే ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు పడక ఆస్తమా, ముక్కులో పాలిప్స్ కలిసి వచ్చే జబ్బు. ఇది ఆ టెస్టుకు దొరకదండీ. ఐజీఈ అనే యాంటీబాడీ వల్ల వచ్చే మామూలు అలర్జీ కాదు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసే కాక్స్-1 ఎంజైమును ఆపేస్తాయి. దాంతో వాపును అదుపులో ఉంచే ప్రోస్టాగ్లాండిన్ ఈ2 తగ్గి, వాపును పెంచే ల్యూకోట్రయీన్లు అనే రసాయనాలు ఒక్కసారిగా పెరుగుతాయి. శ్వాసనాళాలు బిగుసుకుపోయేది వాటివల్లే. మూత్రంలో ఎల్‌టీఈ4 (ఒక ల్యూకోట్రయీన్) ఎక్కువగా ఉండటం దీనికి ఒక గుర్తు. రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎన్ని ఉన్నాయో కూడా పరీక్ష చేయించండి. (1922లోనే ఫ్రెంచ్ వైద్యుడు విదాల్ ఈ జబ్బును వివరించాడు, పేరు మాత్రం సామ్టర్‌కి దక్కింది!)

ఇంట్లో ఆస్పిరిన్ వేసుకుని పరీక్షించుకోవద్దు, ప్రాణం మీదికి వస్తుంది. ఈఎన్‌టీ, పల్మనాలజిస్టు ఇద్దరికీ ఈ సంగతి చెప్పి, మాంటెలుకాస్ట్ (ల్యూకోట్రయీన్లను అడ్డుకునే మాత్ర), డుపిలుమాబ్ (వాపును తగ్గించే ఇంజెక్షన్) మీకు పనికొస్తాయేమో అడగండి.