పొరలో ప్రోటీన్లు కోసే ఎంజైములపై పీహెచ్‌డీనా, ఆర్నెల్ల ఏఐ కోర్సా?

ప్రశ్న: మాది అనంతపురం, ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో ఏడాది. కణ పొర లోపల ప్రోటీన్లను కోసే ఎంజైముల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. అంత చిన్న టాపిక్‌తో ఉద్యోగం వస్తుందా? ఆర్నెల్ల ఏఐ డ్రగ్ డిస్కవరీ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: సార్, మీ టెన్షన్ టాపిక్ గురించి కాదు, ఐదారేళ్లు గడిచాక కూడా పిల్ల స్థిరపడకపోతే ఎలా అని. చాలామంది తల్లిదండ్రులు అడిగేది ఇదే.

అది చిన్న టాపిక్ కాదండీ. ప్రోటీన్‌ను కోయాలంటే నీళ్లు కావాలి, పొర లోపలేమో అంతా కొవ్వు, అక్కడ కోత జరుగుతుందంటే మొదట్లో నమ్మడమే కష్టమైంది. 1997లో అలా పొర లోపలే కోసే సైట్-2 ప్రోటియేజ్ అనే ఎంజైము దొరికింది. కణంలో కొలెస్ట్రాల్ తగ్గినప్పుడు, వేరే ఎంజైము మొదటి కోత వేశాక, ఇది పొరలో రెండో కోత వేస్తుంది, తెగిన ముక్క కేంద్రకంలోకి వెళ్లి కొలెస్ట్రాల్ తయారీ జన్యువులను నడిపిస్తుంది. ఇలాగే పొరలో కోసే ఇంకో ఎంజైము గామా సెక్రెటేజ్ సంగతి ఇంకా పెద్దది. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ ముక్కను పెద్ద ప్రోటీన్ నుంచి కోసి విడదీసేది అదే, కణాల ఎదుగుదలకు అవసరమైన నాచ్ ప్రోటీన్‌ను కోసేదీ అదే. దాన్ని అడ్డుకునే సెమగసెస్టాట్ అనే మందు ట్రయల్‌ను 2010లో ఆపేశారు, రోగుల పరిస్థితి మెరుగుపడకపోగా దిగజారింది, చర్మ క్యాన్సర్ ముప్పు కూడా పెరిగింది. అదే ఎంజైమును అడ్డుకునే నిరోగసెస్టాట్ అనే మందుకు మాత్రం 2023లో అమెరికాలో డెస్మాయిడ్ అనే ఒక రకం కణితుల చికిత్సకు అనుమతి వచ్చింది.

ఆ కోర్సు మీద నా అనుమానం ఇక్కడే. మందు అణువు ఎంజైములో ఎక్కడ ఇముడుతుందో సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది, కానీ ఆ ఎంజైమును ఆపితే ఒంట్లో ఇంకేం ఆగిపోతాయో తెలియాలంటే బయాలజీ లోతుగా రావాలి. లేదా లెక్కలు, కోడింగ్ గట్టిగా ఉండాలి. ఆర్నెల్ల సర్టిఫికెట్‌తో ఈ రెండూ రావు, ఫీజు మాత్రం పోతుంది. పైథాన్ లాంటి కోడింగ్ భాష కావాలంటే పీహెచ్‌డీ చేస్తూనే నేర్చుకోవచ్చు.

ఇంకోటి, కోపగించుకోకండి. 'చేర్పిద్దామనుకుంటున్నాం' అని రాశారు, దానికి అమ్మాయి ఏమందో ఒక్క ముక్క రాయలేదు. ఎమ్మెస్సీ దాకా చదివిన పిల్లను అడక్కుండా ఫీజు కట్టేస్తే ఎట్లా సార్?

డబ్బు గురించి భయపడకండి, జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, ఇంటద్దె భత్యం వేరే. ఐఐఎస్సీ, ఎన్సీబీఎస్ లాంటి పెద్ద పరిశోధన సంస్థలు మీరుండే బెంగళూరులోనే ఉన్నాయి. ముందు పొర ప్రోటీన్ల మీద పనిచేసే ల్యాబులో కొన్ని నెలల ప్రాజెక్టు చేయనివ్వండి. పొరలోంచి ఎంజైమును తీయడానికి డిటర్జెంట్ కలపాలి, తక్కువైతే అది బయటికి రాదు, ఎక్కువైతే పనిచేయడం మానేస్తుంది, వారాల శ్రమ ఒక్కోసారి వృథా అవుతుంది. ఆ ల్యాబులో పీహెచ్‌డీ ముగించినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో కూడా కనుక్కోమనండి. ఇదంతా చూశాక కూడా ఇదే చేస్తానంటే అప్లికేషన్ పెట్టనివ్వండి.