ఇంగ్లీషు సందేహాలు: ‘ఓన్లీ’తో తంటాలు

ప్ర: బ్యాంకు ఉద్యోగం ఇంటర్వ్యూలో మీదే ఊరని అడిగితే ‘ఐ యామ్ ఫ్రమ్ కర్నూల్ ఓన్లీ’ అన్నాను. అడిగినాయన నవ్వారు. తప్పేముంది?
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జ: ‘మాది కర్నూలేనండీ’ అని మనసులో అనుకుని, ఆ ‘ఏ’కు బదులు ఓన్లీ తగిలించారు. తెలుగులో ‘ఏ’ రెండు పనులు చేస్తుంది. ‘రెండే ఇడ్లీలు తిన్నాను’లో లెక్కకు హద్దు గీస్తుంది. ‘మాది కర్నూలే’లో మాటను ఖాయం చేస్తుంది. ఇంగ్లీషు ఓన్లీకి ఆ మొదటి పనే వచ్చు. హిందీ ‘హీ’ కూడా మన ‘ఏ’ లాంటిదే కాబట్టి ఈ ఓన్లీ మన దేశంలో బాగానే చెల్లుతోంది. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. బయటి దేశాలవాళ్లకు మాత్రం వింతగా తోస్తుంది, పరీక్షలో మార్కులు పోతాయి.

గుర్తుపట్టడం తేలికే. ‘ఏ’ తీసేసి ‘మాత్రమే’ పెట్టి చూడండి. ‘రెండు ఇడ్లీలు మాత్రమే’ కుదురుతుంది, ఓన్లీ వాడొచ్చు. ‘మాది కర్నూలు మాత్రమే’ ఎబ్బెట్టుగా ఉంది, వద్దు. అప్పుడు ఏం పెట్టాలంటే, ఒక్కోచోట ఒక్కోటి. ‘ఇప్పుడే వచ్చాను’కు ‘ఐ హావ్ జస్ట్ కమ్’. ‘అక్కడే ఆగు’కు ‘వెయిట్ రైట్ దేర్’. ‘అదే బస్సు’కు ‘ది సేమ్ బస్’. ‘నువ్వే కదా చెప్పింది’కి ‘యూ ఆర్ ది వన్ హూ టోల్డ్ మీ’, అంతేగానీ ‘యూ ఓన్లీ టోల్డ్ మీ’ కాదు. ‘అందుకే’కు ‘దట్స్ వై’ సరిపోతుంది. దాని వెనక ఓన్లీ తోక వద్దు. మీ జవాబుకు ‘ఐ యామ్ ఫ్రమ్ కర్నూల్’ చాలు. ఇంటర్వ్యూ కర్నూలులోనే అయితే ‘ఐ యామ్ ఫ్రమ్ రైట్ హియర్’ అనండి.

ఈ కిటుకు ఒకచోట పనిచేయదు. ‘నిన్ననే వచ్చాను’లో ‘మాత్రమే’ పట్టదు, అయినా ‘ఐ కేమ్ ఓన్లీ యెస్టర్‌డే’ మంచి ఇంగ్లీషే. వచ్చి ఎంతో కాలం కాలేదని దాని భావం.

ప్ర: ఓన్లీ చోటు మారితే అర్థం మారుతుందంటారు. ఒక్క వాక్యంలో చూపించండి.
– ఉపాధ్యాయురాలు, ఆదోని

జ: మీ ఊరి మార్కెట్ మాటే తీసుకుందాం: ‘ది ఫార్మర్ సోల్డ్ కాటన్ ఇన్ ఆదోని’. మొదట్లో ఓన్లీ పెడితే రైతు తప్ప ఇంకెవరూ అమ్మలేదని. కాటన్ ముందు పెడితే పత్తి తప్ప వేరే సరుకు అమ్మలేదని. ‘ఇన్ ఆదోని’ ముందు పెడితే ఇంకే ఊళ్లోనూ అమ్మలేదని. చిక్కంతా సోల్డ్ ముందు పెట్టినప్పుడే. మాటల్లోనైతే ఏ పదాన్ని ఒత్తి పలికితే దానికి అంటుకుంటుంది. కాగితం మీద ఒత్తు వినపడదు కనుక, రాసేటప్పుడు ఏ మాటకు హద్దు గీయాలో దాని పక్కనే పెట్టించండి. అలాగని పిల్లలు ‘ఐ ఓన్లీ హావ్ టెన్ రుపీస్’ అని రాస్తే ఎర్ర సిరా పెట్టకండి. ఇంగ్లీషువాళ్లూ అలాగే అంటారు, అందులో అనుమానానికి తావు లేదు. ‘లేడీస్ ఓన్లీ’ లాంటి బోర్డుల్లో వెనక రావడం కూడా సరైనదే.

ప్ర: చెక్కు మీద మొత్తం రాశాక ‘ఓన్లీ’ అని ఎందుకు? రాయకపోతే చెల్లదా?
– బట్టల వ్యాపారి, ప్రొద్దుటూరు

జ: చెల్లుతుంది. అది చట్టం పెట్టిన షరతు కాదు, జాగ్రత్త కోసం వచ్చిన అలవాటు. ‘ఫైవ్ థౌజండ్’ అని వదిలేస్తే పక్కన ‘నైన్ హండ్రెడ్’ ఇరికించడానికి చోటుంటుంది. ఓన్లీ ఆ చోటు మూసేస్తుంది. మన రసీదుల్లో ‘అయిదు వేల రూపాయలు మాత్రమే’ అనేదీ ఇందుకే. అంకెల్లో, అక్షరాల్లో తేడా వస్తే అక్షరాల్లో రాసిందే లెక్క అని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. అందుకే అక్షరాలకే గట్టి కాపలా కావాలి. ఓన్లీ రాశాక కూడా ఖాళీ మిగిలితే గీత కొట్టేయండి.

ప్ర: ‘ఓన్లీ ఆఫ్టర్’తో మొదలయ్యే వాక్యాల్లో ‘డిడ్’ ఎక్కడ రావాలో ప్రతిసారీ తికమక.
– పోటీ పరీక్షల అభ్యర్థి, అనంతపురం

జ: ఓన్లీ వెంట కాలమో షరతో వచ్చి వాక్యం మొదట్లో నిలిస్తే, అసలు వాక్యంలో కర్తకు ముందు డిడ్ లాంటి సహాయక క్రియ రావాలి. ‘ఓన్లీ ఇన్ 1953 డిడ్ కర్నూల్ బికమ్ ది క్యాపిటల్ ఆఫ్ ఆంధ్ర స్టేట్’. ‘బికేమ్’ కాస్తా ‘బికమ్’ అయింది చూడండి. భూతకాలాన్ని డిడ్ మోస్తోంది.

రెండు భాగాలుంటే డిడ్ రెండో దాంట్లోనే: ‘ఓన్లీ ఆఫ్టర్ ది ట్రైన్ లెఫ్ట్ గుంతకల్ డిడ్ హి ఫైండ్ హిజ్ టికెట్’. ‘ఓన్లీ ఆఫ్టర్ డిడ్ ది ట్రైన్ లీవ్’ అంటే తప్పు. ప్రశ్నపత్రంలో ఎర వేసేది ఇక్కడే. ఓన్లీ కర్తకే అంటుకుని ఉంటే, ‘ఓన్లీ రవి నోస్’లా, తిరగేయకండి.