నాటిక నుంచి సీరియల్‌కి: రాసే అమ్మాయికి ఒక ఉత్తరం

అమ్మాయ్,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన నాటిక స్క్రిప్టు రెండూ చదివాను. బెంగళూరు మారతహళ్ళిలో ఉద్యోగం మానేసి చెన్నై వచ్చేస్తా మాస్టారూ, సీరియల్స్ రాస్తా, ఎప్పటికైనా సొంతంగా ప్రొడ్యూస్ చేస్తా అని రాశావు. రా, తప్పకుండా రా, కానీ ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకు. సినిమా డైరెక్టర్ కె. బాలచందర్ గారు ఇక్కడ ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసులో పనిచేస్తూనే నాటకాలు రాసి వేశారు. ఆయన మేజర్ చంద్రకాంత్ నాటకమే తమిళంలో సినిమా అయింది, హిందీలో ఊంచే లోగ్ అయింది, 1968లో మనకి సుఖదుఃఖాలు అయింది. 1981లో కవితాలయా అని సొంత నిర్మాణ సంస్థ పెట్టారు, ఆ తర్వాత టీవీకొచ్చి రయిల్ స్నేహం, కై అళవు మనసు లాంటి సీరియల్స్ చేశారు. నాటకం రాసే మనిషి నిర్మాత దాకా వెళ్ళడం ఈ ఊళ్ళో కొత్త దారేం కాదు, కాకపోతే నెల జీతం ఉన్నన్నాళ్ళే మనకి నచ్చని కథకి వద్దు అని చెప్పే ధైర్యం ఉంటుంది, అందుకే చెప్తున్నా.

నాటిక రాసినవాళ్ళకి టీవీ రాదు అని నీకెవరో చెప్పారట. అది నిజం కాదు. పరిషత్తు పోటీల్లో వేసే నాటిక అంటే ఏంటి, ఒకటే సెట్టు, నలుగురైదుగురు ఆర్టిస్టులు, గంట టైము. సీరియల్ కూడా అంతేగా, ఒక ఇల్లు, హాలు, వంటగది, మేడమెట్లు, రోజూ అక్కడే తిరుగుతూ ఉండాలి. చోటు మారకుండా మనుషుల మధ్య పరిస్థితి మార్చడం నీకు ముందే అలవాటు. నీ నాటికలో పెద్దకోడలు కాఫీ గ్లాసులు పట్టుకుని రాగానే అందరూ మాట ఆపేస్తారు చూడు, ఆ సీను చాలా బాగుంది, ఒక్క డైలాగు లేకుండా ఆస్తి గొడవ మొత్తం అర్థమైపోతుంది నాకు.

తేడాలూ ఉన్నాయి. స్టేజీ మీద జనం నవ్వారో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది, ఇక్కడ గురువారం వచ్చే రేటింగ్ చూసుకోవాలి, అది ఎంతమంది చూశారో చెప్తుంది గానీ ఎందుకు చూశారో చెప్పదు. కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఇంకొకరిది, మాటలు మూడోవాళ్ళవి, ఇలా పంచుకుని రాయడం నీకు మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. అరగంట స్లాట్‌లో యాడ్స్ పోను మిగిలేది ఇరవై, ఇరవైరెండు నిమిషాలే. ఇంకోటి, మన సీరియల్స్‌లో కన్నడ ఆర్టిస్టులు చాలామంది ఉన్నారు, వాళ్ళలో చాలామంది ప్రాంప్టింగ్ మీద, అంటే పక్కనుంచి ఒకరు అందిస్తుంటే విని, చెప్తారు, తర్వాత డబ్బింగ్ ఉంటుంది. నువ్వు రాసిన నాలుగు లైన్ల వాక్యం అక్కడ ముక్కలైపోతుంది, అర్థం కూడా పోతుంది. చిన్న మాటలు రాయి, క్రియ త్వరగా రానీ. గణేష్ పాత్రో గారు కొడుకు పుట్టాల లాంటి నాటకాలు రాసిన అనుభవంతోనే వచ్చి 1978లో మరోచరిత్రకి మాటలు రాశారు, ఒకసారి ఆ మాటలు కళ్ళు మూసుకుని విను, స్టేజీ మీద నటుడి ఊపిరి ఎంతసేపు నిలుస్తుందో తెలిసిన చెయ్యి అది.

ఇప్పుడు అసలు సంగతి. డబ్బు లెక్క నేర్చుకో. రైటర్‌కి ఎందుకు అనుకోకు. నువ్వు పెళ్ళి సీను రాశావనుకో, ఫంక్షన్ హాలు, జూనియర్ ఆర్టిస్టులు, భోజనాలు, బత్తాలు (యూనిట్‌కిచ్చే రోజువారీ ఖర్చులు), రాత్రి లైటింగు. ప్రొడక్షన్ మేనేజర్ పేపర్ చూసి ఇది కుదరదు అంటాడు, డైరెక్టర్ దాన్ని ఫోన్ కాల్‌గా మార్చేస్తాడు, అక్కడితో నీ కథలో ముఖ్యమైన మలుపు పోయింది. అదే లెక్క తెలిస్తే నువ్వే ముందుగా ఆ సీనుని పెళ్ళింటి వెనక వంటశాలలో పెడతావు. బయట మేళం వినిపిస్తూ ఉంటుంది, లోపల తల్లీ అత్తా ఇద్దరే, కూరలు తరుగుతూ, ఇన్నేళ్ళుగా దాచుకున్న మాట అనేసుకుంటారు. పెళ్ళి అంతా చెవికి వినిపించేది, కళ్ళకి కనపడేది ఆ ఇద్దరి మొహాలే. ఖర్చు పదోవంతు కూడా అవ్వదు, సీను ముందుకంటే బాగుంటుంది. ఇది స్టేజీ విద్యే, తెర వెనక శబ్దంతో ఊరంతా చూపించడం మనవాళ్ళు ఎప్పట్నుంచో చేస్తున్నదే. బడ్జెట్ తెలియని రైటర్ సీన్లు ఎవరో ఒకరు కోస్తారు, తెలిసినవాళ్ళు తమ సీన్లని తామే కాపాడుకుంటారు. నువ్వు ప్రొడ్యూసర్ అవ్వాలనుకోవడం నాకు నచ్చింది కూడా అందుకే.

ప్రొడ్యూసర్ అంటే రెండు పద్ధతులు. ఒకదాంట్లో మనమే ఛానల్‌కి స్లాట్ ఫీజు కట్టి, మనకిచ్చిన యాడ్ టైము మనమే అమ్ముకోవాలి, దూరదర్శన్ స్పాన్సర్డ్ ప్రోగ్రాముల కాలం నుంచీ ఉన్న పద్ధతి ఇది. నష్టమొస్తే మనదే, కానీ హక్కులు మన చేతిలో ఉండే అవకాశం ఉంది. రెండోది, ఛానల్ ఎపిసోడ్‌కింత అని ఇస్తుంది, రిస్కు తక్కువ, హక్కులు మామూలుగా వాళ్ళకే పోతాయి. మొదటిసారికి రెండోదే మంచిది అని నా అభిప్రాయం, ఇల్లు తాకట్టు పెట్టి స్లాట్ కొనొద్దు.

అగ్రిమెంటు మాత్రం లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టకు. నీ నాటికని సీరియల్‌కి ఇస్తే స్టేజీ హక్కులు నీకే ఉంటాయని విడిగా రాయించు. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక, సినిమా హాల్లో ప్రదర్శన తప్ప మిగతా వాడకాలకి రచయితకి రావలసిన రాయల్టీని వదులుకుంటున్నట్టు రాయించుకోవడం చెల్లదు, ఇది చాలామంది కొత్తవాళ్ళకి తెలీదు. టైటిల్ కార్డులో పేరు ఎక్కడ పడుతుందో కూడా కాగితం మీద ఉండాలి.

నాటికలు ఆపకు, అమ్మాయ్. ఏడాదికి ఒకటైనా రాసి వెయ్యి, సీరియల్ వేగంలో పడితే ఎదురుగా కూర్చున్న జనం ఎలా వింటారో చెవి మర్చిపోతుంది.

ఇప్పుడు ఒక పని చెయ్యి. నీ నాటికనే పది ఎపిసోడ్ల వన్‌లైన్‌గా, అంటే ఏ సీన్లో ఏం జరుగుతుందో ఒక్కో లైన్లో, రాసి పంపు. ప్రతి సీను పక్కన ఎక్కడ, ఎంతమంది, పగలా రాత్రా అని రాయి, ఏ ఎపిసోడ్ ఏ మొహం మీద ఆగుతుందో కూడా రాయి. అది చదివాక ఒక శనివారం చెప్తాను, లాల్‌బాగ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సెంట్రల్లో దిగి మెట్రోలో వడపళని వచ్చెయ్, స్టేషన్ దగ్గరికి నేనొస్తాను. ఇక్కడే దగ్గర్లో షూటింగ్ ఉంటే సాయంత్రం దాకా చూద్దువుగాని, మేనేజర్ పక్కన కూర్చోబెడతా, డైరెక్టర్ పక్కన కాదు.

ఉంటాను.