గోల్‌కీపర్ కావాలి, తర్వాత ఏజెంట్ కావాలి

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. మా అబ్బాయికి 16 ఏళ్ళు, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌గా ఆడతాడు. ఫ్రాన్స్‌లో ఒక గోల్‌కీపర్ ఆట మానేశాక ఆటగాళ్ళకి ఏజెంట్ అయ్యాడని చదివాడట, నేనూ అలాగే చేస్తానంటున్నాడు. ఈలోగా ఒకాయన వచ్చి తాను ఏజెంట్‌నని, 2 లక్షలు కడితే ఫ్రాన్స్ క్లబ్బులో చేర్పిస్తానని చెబుతున్నాడు. తోట తాకట్టు పెట్టి ఇవ్వమంటారా?

జవాబు: వద్దండి, ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. 18 ఏళ్ళు నిండని ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బుకి మారడానికి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఒప్పుకోదు. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని పని మీద ఆ దేశానికి కాపురం మారడం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, మీరు రాసినదాన్ని బట్టి వాటిలో ఏదీ మీవాడికి వర్తించదు. ట్రయల్‌లో మీవాడు ఎంత బాగా ఆడినా ఇప్పుడు ఏ ఫ్రెంచి క్లబ్బూ అతన్ని రిజిస్టర్ చేసుకోవడానికి వీల్లేదు.

ఇంకో మాట. మీ ఊరి కొబ్బరి మార్కెట్లో కమిషన్ వ్యాపారి సరుకు అమ్ముడయ్యాక తన వాటా తీసుకుంటాడు గానీ, కాయలు దింపకముందే రైతుని డబ్బు కట్టమనడు కదా, నిజమైన ఏజెంటూ అంతే. ఆటగాడికి జీతం వస్తేనే అందులో అతని వాటా. ఫ్రాన్స్‌లో ఆ వాటా ఒప్పందం విలువలో 10 శాతం దాటకూడదు, మైనర్ ఆటగాడి ఒప్పందం మీదైతే ఏజెంటు అసలేమీ తీసుకోకూడదని అక్కడి చట్టమే చెబుతుంది. పైగా మైనర్‌తో మాట్లాడాలంటే ముందు తండ్రో తల్లో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఫిఫా వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఆయన పేరు అందులో వెతకండి. ఉన్నా సరే, డబ్బు మాత్రం ఇవ్వకండి.

ఇక మీ అబ్బాయి కోరిక సంగతి. అది మంచి ఆలోచనే, నాకు నచ్చింది. జట్టులో గోల్‌కీపర్‌కి ఉండేది ఒక్కటే చోటు. బెర్నార్ లామా 1996 యూరో కప్‌లో ఫ్రాన్స్‌కి మొదటి గోల్‌కీపర్, రెండేళ్ళకి సొంతగడ్డ మీద ప్రపంచకప్ జరిగితే ఏడు మ్యాచ్‌లూ ఫాబియన్ బార్తేజ్ ఆడాడు, రెండే గోల్స్ ఇచ్చాడు, లామా బెంచీ మీదే ఉండిపోయాడు. స్టీవ్ మందందా కూడా మంచి కీపరే, అయినా అదే కాలంలో మొదటి గోల్‌కీపర్‌గా ఉన్న హ్యూగో లోరిస్ 145 మ్యాచ్‌లు ఆడితే అతనికి ఫ్రాన్స్ తరఫున దక్కినవి 35. అందుకే తన చోటేమిటి, ఒప్పందం ఎన్నాళ్ళుంది, క్లబ్బు ఇంకో కీపర్‌ని తెస్తే తన గతేమిటి అన్న లెక్కలు కీపర్‌కి చిన్నప్పటి నుంచే తలలో తిరుగుతాయని నా నమ్మకం. ఆ టెన్షన్ పడ్డవాడు రేపు ఇంకో కుర్రాడి తరఫున క్లబ్బుతో బేరానికి కూర్చుంటే ఏం అడగాలో అతనికి తెలుస్తుంది.

అయితే ఆడిన అనుభవం ఒక్కటే చాలదు. ఫిఫా 2015లో లైసెన్సు పద్ధతి ఎత్తేసి, 2023లో మళ్ళీ పరీక్ష పెట్టింది. గంటలో 20 ప్రశ్నలు, 15 సరిగ్గా రాయాలి. పుస్తకం చూసి రాయొచ్చు గానీ నియమాలు ముందే చదవకపోతే గంట చాలదు. ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్‌లలో రాయొచ్చు. ఫిఫా లైసెన్సు ఎత్తేసిన ఆ ఏళ్ళలో కూడా ఫ్రాన్స్ తన లైసెన్సు మానలేదు, ఎందుకంటే అక్కడ అది దేశ చట్టంలో ఉంది. మీవాడిని ఇంటర్ మాన్పించకండి, ఇంగ్లీషు గట్టిగా చదివించండి, కుదిరితే తర్వాత లా చేయించండి. సాయంత్రాలు గ్రౌండ్‌కి మాత్రం తప్పకుండా పంపండి.

ప్రశ్న: ఏజెంట్లకి ఇంత ప్రాముఖ్యం ఎప్పటి నుంచి వచ్చింది? (డిగ్రీ విద్యార్థి, భీమవరం)

జవాబు: ఎక్కువగా 1995 డిసెంబరు నుంచి. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ ఒప్పందం 1990లో ముగిసింది, ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్బుకి వెళ్దామనుకున్నాడు, పాత క్లబ్బు వదల్లేదు. కోర్టుకెక్కాడు, యూరోపియన్ న్యాయస్థానం అతనికి అనుకూలంగా తీర్పిచ్చింది. అప్పటి నుంచి ఒప్పందం ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లో ఇంకో దేశానికి వెళ్తుంటే పాత క్లబ్బుకి బదిలీ సొమ్ము కట్టక్కర్లేదు. కొత్త క్లబ్బుకి మిగిలిన ఆ డబ్బులో కొంత ఆటగాడి జీతంగా అడగొచ్చు కదా, ఆ అడిగే పనే ఏజెంటుది.