కార్బన్ డై ఆక్సైడ్‌ను భూమిలో దాచడం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు): నార్వే 1996 నుంచే సముద్రం అడుగున కార్బన్ డై ఆక్సైడ్‌ను దాస్తోందని చదివాను. ఇన్నేళ్లుగా సాగుతున్న పనిని ప్రపంచం పెద్దయెత్తున ఎందుకు చేపట్టలేకపోతోంది? భూమిలో చోటు చాలదా?

జవాబు: చోటుకు కరువు లేదు. సుమారు 800 మీటర్ల కంటే లోతున ఉప్పునీటితో నిండిన ఇసుకరాతి పొరలు చాలా దేశాల్లో ఉన్నాయి. ఆ లోతులోని పీడనానికి, వేడికి ఈ వాయువు దాదాపు ద్రవమంత చిక్కబడుతుంది కాబట్టి కొద్ది జాగాలోనే ఎక్కువ ఇముడుతుంది. చిక్కంతా ఏడాదికి ఎంత ఎక్కించగలం అన్న దగ్గరే వస్తుంది. రాతి రంధ్రాల్లో అప్పటికే ఉన్న నీరు పక్కకు జరగకపోతే పీడనం పెరుగుతుంది. అది హద్దు మీరితే పైన మూతలా ఉన్న గట్టి పొరే పగిలే ప్రమాదం ఉంది.

మీరు చదివింది స్లైప్నర్ క్షేత్రం గురించే అయి ఉంటుంది. అక్కడి సహజవాయువులో కార్బన్ డై ఆక్సైడ్ సుమారు 9 శాతం ఉంటుంది. అమ్మాలంటే దాన్ని 2.5 శాతానికి తగ్గించక తప్పదు, తీసినదాన్ని గాలిలోకి వదిలితే 1991లో నార్వే విధించిన పన్ను కట్టక తప్పదు. అందుకే ఒకే ఒక బావి గుండా ఏడాదికి 10 లక్షల టన్నులకు కాస్త అటూఇటుగా ఉట్సిరా అనే వదులైన ఇసుకరాయిలోకి పంపుతూ వచ్చారు. అంత అనుకూలమైన రాయిలో కూడా, మధ్యలోని పలుచని షేల్ (బంకమట్టి గట్టిపడి ఏర్పడిన రాయి) పొరలను దాటుకుని వాయువు అనుకున్నదానికంటే త్వరగా ఆ ఇసుకరాయి పైభాగాన్ని చేరిందని 1999 నాటి సర్వేలో తేలింది. మూతపొర మాత్రం ఆపింది.

మిగతా చోట్ల రాయి అంత మర్యాదగా ప్రవర్తించలేదు. అదే నార్వేలోని స్నోవిట్‌లో 2008లో పని మొదలైతే, పీడనం పెరిగిపోయి 2011లో వేరే పొరకు మారాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలోని గోర్గాన్ సహజవాయువు ప్రాజెక్టును ఏడాదికి 40 లక్షల టన్నుల వరకు దాచేలా కట్టారు. పీడనం తగ్గించేందుకు నీరు తోడాల్సిన బావుల్లో ఇసుక పూడి, ఇటీవలి సంవత్సరాల్లో అందులో సగం కూడా చేరలేదు. ప్రపంచం శిలాజ ఇంధనాలు, పరిశ్రమల ద్వారా ఏటా వదిలేది సుమారు 3,700 కోట్ల టన్నులు. అందులో 100 కోట్ల టన్నులు దాచాలన్నా స్లైప్నర్ లాంటివి వెయ్యి కావాలి, ప్రతిదానికీ ముందు కొన్నేళ్ల పరీక్షలు కావాలి. 2025లో మొదలైన నార్తర్న్ లైట్స్ (బ్రెవిక్ సిమెంటు కర్మాగారం నుంచి ఓడల్లో తెచ్చి, సముద్రగర్భానికి 2,600 మీటర్ల దిగువకు పంపే పథకం) తొలిదశ సామర్థ్యం ఏడాదికి 15 లక్షల టన్నులే.

ప్రశ్న (వికారాబాద్ నుంచి ఒక పాఠకురాలు): ఐస్‌లాండ్‌లో ఈ వాయువును రాయిగా మార్చేశారట. మా ప్రాంతంలోనూ బసాల్ట్ (లావా గట్టిపడి ఏర్పడిన నల్లరాయి) ఉంది కదా, ఇక్కడ కుదరదా?

జవాబు: హెల్లిస్‌హైడి భూతాప విద్యుత్ కేంద్రం దగ్గర 2012లో నీటిలో కరిగించి పంపిన కార్బన్ డై ఆక్సైడ్‌లో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే ఖనిజంగా మారిందని 2016లో ప్రకటించారు. బసాల్ట్‌లోని కాల్షియం, మెగ్నీషియం, ఇనుము దానితో కలిసి కార్బొనేట్లు అనే గట్టి ఖనిజాలవుతాయి. ఇది నిజంగా గొప్ప ఫలితం. అయితే ఒక్కో టన్నుకు పాతిక టన్నుల వరకు నీరు పడుతుంది, పని జరిగేది ఏడాదికి వేల టన్నుల లెక్కలోనే. దక్కను బసాల్ట్‌పై హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఈ దిశగా అధ్యయనం చేసింది. కానీ పశ్చిమ కనుమల దగ్గర మందంగా ఉన్న ఆ పొర తూర్పుకు వచ్చేకొద్దీ పలుచబడుతుంది; మీ వైపు రైతుల బోర్లు కూడా ఆ రాయిలోని నీటిమీదే ఆధారపడ్డాయి కాబట్టి, నా అంచనాలో అనువైన చోటు అది కాదు.

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక పాఠకుడు): దాచినది బయటికి వస్తే?

జవాబు: లోతైన పొరకంటే పైప్‌లైను గురించే ముందు జాగ్రత్త పడాలి. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, సతార్షియా అనే ఊరి దగ్గర వానలకు కొండవాలు జారి కార్బన్ డై ఆక్సైడ్ పైప్‌లైను తెగింది. గాలికంటే బరువైన వాయువు నేలబారున పరుచుకుని, ఆక్సిజన్ అందక కార్ల ఇంజన్లు ఆగిపోయాయి. 45 మంది ఆసుపత్రి పాలయ్యారు, ప్రాణనష్టం జరగలేదు. భూమి లోపలైతే, సరిగా పూడ్చకుండా వదిలేసిన పాత చమురు బావులే వాయువు పైకి రావడానికి తేలికైన దారి. అందుకే స్థలం ఎంచుకునేటప్పుడు ముందుగా వాటి జాడ తీస్తారు.