ఒకే చర్చి, రెండు శాఖలు: ఊనావిర్ సంగతి

యూరప్‌లో కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఒకే చర్చిని వంతులవారీగా వాడుకునే ఊళ్ళు నిజంగా ఉన్నాయా, వాళ్ళకి అంత సఖ్యత ఎలా కుదిరింది అని అడిగారు. ఊళ్ళైతే ఉన్నాయి. సఖ్యత సంగతే వేరే కథ.

ఉద్యోగరీత్యా నేను ఫ్రాన్స్‌లో, అల్సాస్ ప్రాంతంలోని కోల్మార్‌లో ఉంటాను. దగ్గర్లోనే ఊనావిర్ అని చిన్న పల్లె. చర్చి ఊరికి పైన మెరక మీద ఉంటుంది, చుట్టూ ఆరు బురుజుల కోటగోడ. దండు వచ్చి పడితే ఊరంతా లోపల తలదాచుకోవడానికి కట్టుకున్నది. గోడ లోపల సమాధులు, గోడ దాటితే ద్రాక్షతోటలు. లోపల 15వ శతాబ్దం నాటి సెయింట్ నికొలస్ గోడబొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి.

ఈ ఊరు వుర్టెంబర్గ్ ప్రభువుల ఏలుబడిలో ఉండేది. 16వ శతాబ్దంలో వాళ్ళు లూథర్ బాట పట్టి ప్రొటెస్టెంట్లయ్యారు, ఊరూ అదే బాట పట్టింది. అప్పట్లో రాజుది ఏ మతమో జనానిదీ అదే కదా! 1648 వెస్ట్‌ఫాలియా సంధితో మొదలై అల్సాస్ ప్రాంతం మెల్లగా ఫ్రాన్స్ చేతికి వెళ్ళింది. పద్నాలుగో లూయీ 1685లో ప్రొటెస్టెంట్ మతాన్ని ఫ్రాన్స్‌లో నిషేధించాడు గానీ, ఇక్కడి ప్రొటెస్టెంట్ల మతానికి ఆ సంధే రక్షగా ఉండి అడ్డొచ్చింది. అందుకని ఇంకో దారి వెతికారు. ఊళ్ళో ఏడు కాథలిక్ కుటుంబాలుంటే చాలు, ప్రొటెస్టెంట్లు చర్చిలో బలిపీఠం వైపు భాగం వాళ్ళకి వదిలెయ్యాలి. జనం కూర్చునే హాలు మాత్రం ఉమ్మడి. ఊనావిర్‌లో 1687 నుంచి ఇదే ఏర్పాటు. అంటే ఎవరూ ఇష్టపడి పంచుకున్నది కాదు, పైనుంచి రుద్దింది. టూరిస్టు కరపత్రాలు దీన్ని మతసామరస్యం అని మురిపెంగా రాస్తే నాకు నవ్వొస్తుంది.

అలాగని ఇప్పుడు గొడవలేం లేవు. తలుపు దగ్గర బోర్డు మీద ఇద్దరి టైములూ పక్కపక్కనే అంటించి ఉంటాయి. మా గుంటూరు వైపు ఆర్‌సీఎం చర్చి ఒక వీధిలో, లూథరన్ చర్చి ఇంకో వీధిలో చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఆ బోర్డు ముందు కాసేపు నిలబడిపోయాను.

ఇంకో తమాషా: ఇక్కడ ఫాదర్‌కీ పాస్టర్‌కీ ఇద్దరికీ జీతం ప్రభుత్వమే ఇస్తుంది. 1905లో ఫ్రాన్స్ చర్చినీ ప్రభుత్వాన్నీ వేరుచేసే చట్టం తెచ్చినప్పుడు అల్సాస్ జర్మనీ కింద ఉంది. 1918 తర్వాత తిరిగొచ్చినా పాత పద్ధతినే ఉంచేశారు.

ఇటు వస్తే పక్క ఊరు రిక్‌విర్ నుంచి ద్రాక్షతోటల మధ్యగా నడిచి వెళ్ళొచ్చు. ఆదివారం పొద్దున మాత్రం ప్రార్థన అయ్యాకే లోపలికి వెళ్ళండి.