చదువుకు కూర్చుంటే చేయి ఫోను మీదికే పోతోంది

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ఉద్యోగం చేస్తూ అకౌంట్స్ పరీక్షకు చదువుతున్నాను. రాత్రి పుస్తకం తెరిచిన కాసేపటికి ‘ఒక్క వీడియో చూసి చదువుదాం’ అనిపిస్తుంది. చూస్తూ ఉండగానే పన్నెండు దాటిపోతుంది. యాప్‌లన్నీ తీసేసి, మళ్లీ వేసుకున్నాను. నాకు పట్టుదల లేదని మావారు అంటారు. నాలో నిజంగా లోపం ఉందా?

జవాబు: పట్టుదల లేనివారు ఉద్యోగం చేసి అలసి వచ్చి రాత్రిపూట పుస్తకం తెరవరు. ఆ మాటను మనసులోంచి తీసేయండి.

మీరు ఫోను తీస్తున్నది పుస్తకం తెరవగానే కాదు, కాసేపటికి. తెలిసిన పేజీలు అయిపోయి, ఏదో లెక్క కుదరక, జమాఖర్చులు రెండు వైపులా సరిపోలక తికమక మొదలైన చోట అయి ఉంటుంది. వీడియో ఆ ఇబ్బందిని క్షణంలో మరిపిస్తుంది. అలా రోజూ జరిగితే మనసుకు అలవడేది అకౌంట్స్ కాదు, కష్టం ఎదురవగానే తప్పుకోవడం. పోయిన గంటల కన్నా పెద్ద నష్టం ఇదే. ఏ విద్యయినా ఆ తికమకలో కాసేపు ఓపిక పట్టినవారికే అబ్బుతుంది.

ఇక ఒక్క వీడియోతో ఎందుకు ఆగలేరంటే, తర్వాత వచ్చేది బాగుంటుందో లేదో ముందుగా తెలియదు. ప్రతిఫలం ఎప్పుడు దక్కుతుందో తెలియని పనిని వదలడం చాలా కష్టమని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1950లలోనే ప్రయోగాలతో చూపించారు. జూదం యంత్రాలు నడిచేదీ ఇలాగే.

జబ్బేమోనని భయపడకండి. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో జూదం, వీడియో గేముల వ్యసనాలు ఉన్నాయి గానీ, వీడియోలు చూసే అలవాటు ఆ జాబితాలో లేదు. అయితే ఉద్యోగం, నిద్ర దెబ్బతింటున్నా ఆపలేకపోతుంటే, దిగులు వదలకుంటే మానసిక వైద్యులను తప్పక కలవండి.

యాప్‌లు తీసేసినా తికమక అక్కడే ఉంది కాబట్టి ఆ ఉపాయం పారలేదు. చదివే వేళ ఫోనును వేరే గదిలో ఉంచండి. పక్కన ఒక కాగితం పెట్టుకుని, ఫోను కావాలనిపించిన ప్రతిసారీ ఎక్కడ ఆగారో రాయండి: ‘తరుగుదల లెక్క, అర్థం కాలేదు’ అని. వారం తిరిగేసరికి అవే రెండు మూడు అంశాలు మళ్లీ మళ్లీ కనిపించవచ్చు. వాటిని తెలిసినవారిని అడిగి నేర్చుకోండి. ఫోను మీదికి మనసు లాగినప్పుడు దానితో పోట్లాడవద్దు, లొంగిపోనూ వద్దు. అది పెరిగి, తగ్గేదాకా ఊరికే గమనించండి. అలన్ మార్లట్ అనే మనస్తత్వవేత్త వ్యసనపరులకు నేర్పిన పద్ధతి ఇది.

ఏదో ఒక రాత్రి మళ్లీ ఫోను పట్టుకుంటారు. అంతా పోయిందని అనుకోకండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త అలవాటు కుదరడానికి కొందరికి 18 రోజులు చాలితే, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు.

మీవారితోనూ మాట్లాడండి. ఆయన మాటకు మీరు చిన్నబుచ్చుకున్న రాత్రి ఫోను మరింత గట్టిగా లాగుతుంది, ఆ సంగతి ఆయనకు తెలియకపోవచ్చు. మీరు చదువుకునే గంటసేపు తన ఫోనును కూడా మీ ఫోను పక్కనే పెట్టమని అడగండి.